చిట్టి చేతికి చదివింపుల మైకు

మనిషి పరువుకి వెల కట్టలేమంటారు. వట్టి మాటండీ! నా పరువుకి మొన్న శ్రీరామనవమి నాడు మా వీధి పందిట్లో, అంతమంది జనం ముందు, రెండు హారన్ల మైకులో వెల కట్టేశారు. కట్టింది ఏ షావుకారో కాదు, ఏడేళ్ళ పిల్ల. ఆ పిల్లకి అంత బాగా లెక్కలు నేర్పిన మహాతల్లి ఎవరని అడగండి. నేనే! రామ రామ!

ఇలా దగ్గరికి జరగండి, టీ చల్లారేలోపు చెప్పేస్తాను. మధ్యలో నవ్వితే మాత్రం నేను ఆపేస్తాను. ఆపేస్తానని బెదిరించడమే గానీ, వినేవాళ్ళు ఉండగా నేను ఆపిన రోజు లేదని మీకూ తెలుసు.

మా రాజమండ్రిలో, మా వీధి చివర చిన్న రామమందిరం ఉందా, రోజూ సాయంత్రం ఐదింటికి అక్కడ పిల్లల్ని కూర్చోబెట్టి శ్లోకాలు చెప్తాను. ఎవరి దగ్గరా పైసా తీసుకోను. ఎదురుగా పదిమంది కూర్చుని నోరు తెరుచుకుని వింటే చాలు, నాకదే జీతం. మా వారు కాలేజీలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన మాట తక్కువ. కానీ అన్నప్పుడు సూదితో గుచ్చినట్టే అంటారు. "నీకు దేవుడి మీద భక్తి ఎంతుందో, మైకు మీద అంతకి పావలా ఎక్కువుంది" అంటారు. నేను ఉడుక్కుంటాను. ఉడుక్కున్నానంటే నిజమేనన్నమాట.

శివరాత్రి వెళ్ళాక ఓ సాయంత్రం మంగ వచ్చింది. టైలరు గారి భార్య, మాకు రెండిళ్ళ అవతలే. కూతురు చిట్టిని రెక్క పట్టుకుని మందిరంలోకి లాక్కొచ్చింది.

"పిన్నిగారూ, మీ శిష్యురాలి ఘనకార్యం చూడండి! ఐదు రూపాయల నోటిచ్చి ఉల్లిపాయలు తెమ్మని పంపానా, ఉల్లిపాయలూ లేవు, నోటూ లేదు. నాలుగు పావలాలు పట్టుకుని గెంతుకుంటూ వచ్చింది!"

"ఎక్కడివే ఇవి?" అన్నాను.

చిట్టి రెండు జడలూ ఊపుతూ గర్వంగా చెప్పింది. "పండుగాడు ఇచ్చాడండీ మామ్మగారూ. నేను ఒక్కటే కాగితం ఇచ్చాను. వాడు నాలుగు బిళ్ళలిచ్చాడు. మనకి మూడు ఎక్కువ!"

పండు ఎవరనుకున్నారు? వాడూ నా శిష్యుడే. ఆ మూల కూర్చుని, కళ్ళు మూసుకుని, అందరికన్నా గట్టిగా శ్లోకం చదువుతున్నాడు అప్పుడు. మోసపోయిందీ నా క్లాసే, మోసం చేసిందీ నా క్లాసే. ఇద్దరికీ మూడేళ్ళుగా ధర్మం చెప్తున్నది ఒకే నోరు.

వాడి దగ్గర నోటు కక్కించి మంగ చేతిలో పెట్టాను. మంగ చల్లబడలేదు.

"ఏమనుకోకండి పిన్నిగారూ. శ్లోకాలు ఎక్కడికీ పోవు. ఓ పది రోజులు వీళ్ళకి కాస్త చిల్లర నేర్పండి."

నాకు రోషం వచ్చింది. నేర్పుతాను, ఎందుకు నేర్పను? అసలు ధర్మార్థకామమోక్షాల్లో రెండోదే కదండీ అర్థం! మర్నాడే మందిరంలో ఉత్తుత్తి కొట్టు పెట్టాను. సరుకులు మా ఇంట్లోవే. నాలుగు వంకాయలు, ఓ కొబ్బరికాయ, రావులపాలెం నుంచి మా తమ్ముడు పంపిన అరటిపళ్ళ అత్తం. మరి డబ్బులో? ఉత్తుత్తి డబ్బులతో నేర్పితే ఉత్తుత్తి చదువే వస్తుంది. అసలు బిళ్ళలు కావాలి. మా ఇంట్లో ఒక్కచోట ఇరవై రూపాయల చిల్లర ఉంటుంది. దేవుడి గూట్లో, పసుపు గుడ్డలో, వెంకన్న ముడుపు.

లెంపలు వేసుకున్నాను. "స్వామీ, గంటసేపు. పిల్లల చదువు కోసం. ఐదు నుంచి ఆరు దాకా" అని చెప్పుకుని మూట విప్పాను. దేవుడికి టైము కూడా చెప్పానండీ, మరి నియమం అంటే నియమమే!

పాఠం బ్రహ్మాండంగా నడిచింది. ఇది పావలా, ఇది అర్ధరూపాయి, ఇవి రెండు కలిస్తే ఎంత, వంకాయ రూపాయిన్నర అయితే రెండు రూపాయలిస్తే చిల్లర ఎంత. పండు కొట్టువాడు, చిట్టి కొనేది. మధ్యలో పంతులు గారు హారతి పట్టుకొచ్చారు. అందరం కళ్ళకద్దుకున్నాం. ఆరింటికి మూట కట్టబోతూ లెక్క చూసుకుందును కదా, నాలుగు రూపాయలు తక్కువ! అరటిపళ్ళు కూడా సగం లేవు గానీ అవి ఎక్కడికి పోయాయో పండు మూతి చూస్తే తెలుస్తోంది. డబ్బులు ఏవీ?

"ఎవరు తీశారర్రా?" అని గద్దించాను. చిట్టి అంది, "మీరే చెప్పారుగా మామ్మగారూ, హారతి కళ్ళకద్దుకుంటే పళ్ళెంలో ఏదో ఒకటి వేయాలని. అందరం వేశాం."

వెంకన్న ముడుపు తీసుకెళ్ళి రాముడి పళ్ళెంలో పోసొచ్చారు! పరిగెత్తి పంతులు గారితో చెప్తే ఆయన నవ్వారు. "కంగారెందుకమ్మా? కిందే బ్రాంచీలు వేరు. పైన హెడ్డాఫీసు ఒక్కటే." అని, నాలుగు రూపాయలు మాత్రం తిరిగివ్వలేదు.

ఆ రాత్రి నా డబ్బులో నాలుగు రూపాయలు కలిపి ముడుపు కట్టేశాను గానీ, నాకు బుద్ధొచ్చింది. డబ్బు నేర్పేటప్పుడు ఒక సూత్రం ఉండాలి. మర్నాడు పిల్లలందరినీ నిలబెట్టి, శ్లోకంలాగే రాగం కట్టి నేర్పాను.

"చేతిలో డబ్బు పడగానే ఏం చెయ్యాలి?"

"విప్పు! లెక్కపెట్టు! చెప్పు!"

"మడతలో ఉంటే?"

"విప్పు!"

"ఇచ్చినవాళ్ళు పెద్దవాళ్ళయితే?"

"మొహమాటం వద్దు!"

"తక్కువైతే?"

"అడుగు!"

మందిరం దద్దరిల్లింది. నాకు ఒళ్ళు పులకరించింది. అప్పుడు పులకరించింది గానీ తర్వాత జలదరించింది, అది వేరే సంగతి.

పది రోజుల్లో మా వీధి స్వరూపం మారిపోయింది. చిల్లరకి బదులు పిప్పరమెంట్లు చేతిలో పెట్టే కిరాణా కొట్టాయనకి చిట్టి ఆ పిప్పరమెంట్లు వెనక్కిచ్చేసి, "రేపు వీటితో చింతపండు ఇస్తారా అండీ? ఇవ్వరుగా! అయితే ఇది డబ్బు కాదండి" అందట. పండు రేషన్ షాపు లైన్లో నిలబడి ముందున్న ముసలమ్మ చిల్లర కూడా లెక్కపెట్టి ఇప్పించాడట. మంగ వచ్చి నా కాళ్ళకి దండం పెట్టింది. కూరలబండి దగ్గర, పాలకేంద్రం దగ్గర, ఎక్కడ చూసినా నా పేరే. నేనూ వద్దన్నట్టు చెయ్యి ఊపుతూనే పూర్తిగా వినేదాన్ని.

సరిగ్గా అప్పుడే శ్రీరామనవమి దగ్గరపడింది. ఇక్కడ మీకు నా మనసులో మాట చెప్పాలి. పందిట్లో సీతారామ కల్యాణం జరుగుతుంటే పక్కన మైకు పట్టుకుని, ఇప్పుడు జీలకర్ర బెల్లం, ఇప్పుడు మంగళసూత్రం, ఇందులో అర్థం ఇదీ అని వ్యాఖ్యానం చెప్తారు చూడండి, ఆ వ్యాఖ్యానం మీద నాకు ఇరవై ఏళ్ళ నుంచి ఆశ. ఏటా ఓ రిటైర్డు మాస్టారు చెప్పేవారు. ఈసారి ఆయన కొత్త పళ్ళసెట్టు కట్టించుకున్నారు. శివధనుస్సు అనబోతే ఈల వస్తోంది. పాపం అనుకున్నాను. పాపం అనుకుంటూనే చెప్పులు వేసుకుని కమిటీ ప్రెసిడెంటు గారింటికి బయల్దేరాను.

ప్రెసిడెంటు గారికి రైసుమిల్లుంది. మనిషి మంచివాడే. తెల్లటి పంచె, వేళ్ళ నిండా ఉంగరాలు, నోటినిండా 'అమ్మా'.

"వ్యాఖ్యానమా? మీరాండీ? ఇప్పటిదాకా ఆడవాళ్ళెవరూ చెప్పలేదు కదమ్మా" అన్నారు.

"సీతమ్మవారి పెళ్ళి కబుర్లు ఆడదానికన్నా ఇంకెవరికి బాగా తెలుస్తాయండీ?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "చూద్దాం లెండి. అసలు గొడవ అది కాదమ్మా. పోయినేడు చదివింపులు పందిరి అద్దెకి కూడా చాల్లేదు. ఈసారి చదివింపులు గట్టిగా పడితే కమిటీ వాళ్ళు మీ మాట కాదనరు."

నా బుర్ర చూడండి ఎంత చురుకో! వెంటనే అన్నాను. "చదివింపుల బల్ల దగ్గర నా పిల్లల్ని కూర్చోబెడతానండీ. పట్టు పరికిణీలు కట్టుకుని చిన్నపిల్లలు చెయ్యి చాపితే ఎవరు కాదంటారు? పైగా డబ్బు లెక్కలో వాళ్ళని కొట్టేవాళ్ళు లేరు."

ఆయన మొహం వెలిగిపోయింది. "భలే ఆలోచనమ్మా! సరే, పన్నెండింటికి ముహూర్తం. పదింటి నుంచి చదివింపులు. అవి బాగా వచ్చాయా, పన్నెండింటికి మైకు మీ చేతికి."

ఒప్పందం అయిపోయింది. ఇప్పుడు నేను చేసిన తప్పేమిటో వినండి.

మన పక్క చదివింపుల పద్ధతి మీకు తెలుసు. పెళ్ళిలో ఇచ్చినట్టే రాముడి పెళ్ళికీ ఇస్తాం. బల్ల దగ్గర పుస్తకంలో రాసి, "ఫలానా వారు నూట పదహార్లు" అని మైకులో చదువుతారు. మైకులో పేరు వినబడితే గానీ కొంతమందికి పానకం గొంతు దిగదు. అయితే కవరు విప్పరు. కవరు మీద ఎంత రాస్తే అంత చదువుతారు, అంటించింది అంటించినట్టే పెట్టెలో వేస్తారు. లోపల ఎంతుందో తర్వాత లెక్క చూసుకునే కమిటీకి, ఆ రాముడికి తప్ప తెలియదు. కమిటీ వాళ్ళు నోరెత్తరు. రాముడు అసలే ఎత్తడు. ఈ మర్యాద నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుసు. తెలిసి కూడా, ఆ పిల్లలకి 'ఇక్కడ మాత్రం విప్పకూడదర్రా' అని ఒక్క మాట చెప్పాలని నాకు తట్టలేదండీ! తట్టడానికి బుర్రలో చోటెక్కడిది? ఇరవై పేజీల వ్యాఖ్యానం బట్టీ పట్టే పనిలో ఉన్నాను.

పండగ రోజు వచ్చింది. కొబ్బరాకుల పందిరి, గంగాళాల్లో పానకం, వడపప్పు, ఎండ, జనం. బల్ల ముందు చిట్టి. మైకు స్టాండు ఆ పిల్ల మూతి దాకా దించారు. పక్కన పండు పళ్ళెం పట్టుకుని. వెనక నేను. మొదట మా వీధి పూలమ్మే అప్పాయమ్మ వచ్చింది. చెంగు ముడి విప్పి చిల్లర పోసింది.

"పదకొండు రూపాయలు తల్లీ."

చిట్టి ఒక్కొక్క బిళ్ళా తీసి మైకులో గట్టిగా లెక్కపెట్టింది. "...తొమ్మిది, పది, పదకొండు. అప్పాయమ్మ గారు పదకొండు రూపాయలు. సరిపోయింది!"

పందిరంతా చప్పట్లు. అప్పాయమ్మ మొహం చేటంత. నేను నాలుగు వైపులా తిరిగి నమస్కారం పెట్టాను. ఎవరూ నాకు పెట్టలేదు, నేనే పెట్టాను.

రెండో మనిషి బట్టలకొట్టాయన. కవరు బల్లమీద పెట్టి, "ఐదొందల పదహార్లు, రాసుకో పాపా" అని వెళ్ళబోయాడు.

"ఉండండి" అంది చిట్టి. చర్రున కవరు చింపింది! నా గుండె కూడా చర్రుమంది. "వంద... రెండొందలు... పది, ఐదు, ఒకటి. రెండొందల పదహారు. ఇంకా మూడొందలు ఇవ్వాలండీ!"

హారన్లు రెండూ ఆ మాటని గోదావరి గట్టు దాకా తీసుకెళ్ళాయి. బట్టలకొట్టాయన జేబులు తడుముకున్నాడు. "అవునవును... హడావిడిలో... ఇదిగో, జేబులోనే ఉండిపోయాయి" అని మూడొందలు తీసిచ్చాడు. "ఇప్పుడు సరిపోయింది!" అంది చిట్టి. ఈసారి చప్పట్లతో పాటు ఈలలు కూడా.

అప్పుడు చూడాలండీ లైన్లో నిలబడ్డవాళ్ళ అవస్థ! ఒకావిడకి పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి. ఇద్దరు పందిరి వెనక్కెళ్ళి కవర్లు విప్పి నోట్లు కలుపుతున్నారు. ఓ పెద్దమనిషి కవరు మీద 'వెయ్యిన్నూట పదహార్లు'లో వెయ్యి కొట్టేసి, నూట పదహార్లు మాత్రం ఉంచుకున్నాడు. యానాం నుంచి మామిడాకులు తెస్తానని వారం వారం వెళ్ళి సంచిలో సీసాల చప్పుడుతో తిరిగొచ్చే ఒకాయన, ఉన్న లైన్లోంచి ఉన్నట్టే మాయం!

నేను వంగి చిట్టి చెవిలో రహస్యంగా అన్నాను. "కవర్లు విప్పకే తల్లీ! మీద రాసింది చదువు చాలు."

ఎక్కడ అన్నానండీ ఆ రహస్యం? మైకుకి బెత్తెడు దూరంలో. వీధి వీధంతా "విప్పకే తల్లీ, తల్లీ, తల్లీ" అని మోగింది.

"విప్పాలి! విప్పాలి!" అని కుర్రాళ్ళ అరుపులు.

చిట్టి నా వైపు తిరిగింది. నిజంగానే అర్థం కాక, అమాయకంగా, మైకులోనే అడిగింది. "మరి మొహమాటం వద్దని మీరే చెప్పారుగా మామ్మగారూ?"

అటు చూస్తే పళ్ళెం నిండుతోంది. పోయినేడు మొత్తం వచ్చింది అరగంటలో వచ్చేసింది. మైకు నాదే, ఖాయం! విప్పితే విప్పనీ, రాముడికేగా అనుకున్నాను. దేవుడి పేరు పెట్టుకుంటే ఎంత స్వార్థమైనా ఎంత సాఫీగా దిగుతుందో చూశారా?

అంతలో జనం పక్కకి తప్పుకున్నారు. ప్రెసిడెంటు గారు, వెనక ఆవిడ. చేతిలో ఇంత లావు కవరు, కుంకుమ బొట్లు పెట్టి. పొద్దున్నుంచీ గర్భగుడి దగ్గర బాజాల హోరులో పూజకి కూర్చున్నారు, ఇక్కడ జరుగుతున్న భాగోతం ఆయనకి తెలియదు! నేను కళ్ళతో సైగ చేశాను, చేత్తో చేశాను. ఆయన నమస్కారం అనుకుని తిరిగి నమస్కారం చేశారు.

"ఐదువేల నూట పదహార్లు తల్లీ" అన్నారు నిండుగా.

చర్రు.

పైన ఒక వంద నోటు. చిట్టి తీసి పక్కన పెట్టింది. "వంద." తర్వాతది తీసింది. తిప్పి చూసింది. అది నోటు కాదు. నోటంత సైజులో కత్తిరించిన న్యూస్‌పేపరు ముక్క. కింద ఇంకోటి. ఇంకోటి. నేను నేర్పిన పిల్ల, ఏదీ వదలదు కదా, ముక్క మీద ఉన్నది కూడబలుక్కుని మైకులో చదివింది. "వృ... వృషభరాశి... అకస్మాత్తుగా... ధన... వ్యయం."

ఒక్కసారి నవ్వు ఎగసిందండీ, పందిరి గుంజలు కదిలాయి. ప్రెసిడెంటు గారి మొహం నల్లబడింది. ఆవిడ పాపం తల దించేసుకుంది. ఆ మొహం చూస్తే నాకు జాలేసింది. నా మైకు పోతుందని భయం కూడా వేసింది, అబద్ధమెందుకు? గబుక్కున మైకు లాక్కున్నాను.

"భక్తులారా! నవ్వకండి! ప్రెసిడెంటు గారు ఈ పేపరు ముక్కలు ఎందుకు పెట్టారనుకున్నారు? మన పిల్లలు నోటుకీ కాగితానికీ తేడా పోల్చగలరో లేదో పరీక్ష పెట్టడానికి! నాతో ముందే అనుకుని పెట్టారు! సీతమ్మకి రాముడు ఉంగరం పంపినట్టు, అంతా ఆనవాలు పట్టే పరీక్షేనండీ!"

ఆ ఉంగరం ఎక్కడ, ఈ కవరు ఎక్కడ? కానీ గొంతు బాగుంటే ఏదైనా అతుకుతుంది. జనం ఓహో అన్నారు. ప్రెసిడెంటు గారికి ప్రాణం లేచొచ్చింది. "అవునవును, పరీక్షే! ఒట్టి పరీక్ష!"

"మేం పాసయ్యామా అండీ?" అంది చిట్టి.

"ఫస్టు క్లాసులో పాసయ్యావు తల్లీ."

"అయితే అసలు డబ్బులు ఇవ్వండి."

మిల్లుకి మనిషిని పంపి మిగతా ఐదువేల పదహారూ తెప్పించారండీ! చిట్టి ప్రతి నోటూ లెక్కపెట్టింది. ప్రెసిడెంటు గారు నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి, చేతులు పట్టుకున్నంత పని చేశారు. "అమ్మా, నా పరువు నిలబెట్టారు. ఇంక ఎవర్నీ అడిగే పన్లేదు. మైకు మీదే."

పన్నెండుకి ఐదు నిమిషాలు. ఇరవై ఏళ్ళ కల! ఇరవై పేజీలూ తీసి సర్దుకుంటున్నాను. జనంలోంచి తోసుకుంటూ మా వారు వచ్చారు. చేతిలో కవరు.

"ఇదిగో, మనది గూట్లోనే మర్చిపోయి వచ్చేశావు. పరిగెత్తుకుంటూ తెచ్చాను" అని, ఎంతో బాధ్యతగా, చిట్టి ముందు పెట్టారు.

ఇక్కడ మీకు ఓ నిజం చెప్పాలి. ఇంతసేపూ చెప్పలేదు, చెప్తే మీరు ఎప్పుడో లేచి వెళ్ళిపోయేవారు. పండక్కి పది రోజుల ముందు లలితా పారాయణలో ఎదురింటావిడ "మేం ఐదొందల పదహార్లు చదివిస్తున్నాం వదినా" అంది. నేను ఊరుకోవచ్చుగా? "మేం వెయ్యిన్నూట పదహార్లు" అనేశాను. కవరు మీద కూడా గుండ్రటి అక్షరాలతో అదే రాశాను. లోపల మాత్రం ఉన్నంత పెట్టాను. మిగతాది వచ్చే నెల పెన్షనులో వేద్దాం, రాముడు ఎక్కడికి పోతాడు అనుకున్నాను.

"అది... అది తర్వాత చూద్దాం తల్లీ, ముహూర్తం అయిపోతోంది" అని కవరు మీద చెయ్యి వేశాను. చిట్టి నా చెయ్యి మెల్లిగా పక్కకి తీసింది. చాలా మర్యాదగా తీసిందండీ, నేనే నేర్పిన మర్యాద.

చర్రు.

"వంద... రెండొందలు... మూడొందలు... పది, ఐదు, ఒకటి. మూడొందల పదహారు. ఇంకా ఎనిమిది వందలు ఇవ్వాలండీ." అక్కడితో ఆగిందా? ఆగి, నా మొహంలోకి చూసి, నామీద ఉన్న గౌరవంతోనే అడిగింది. "మామ్మగారూ, ఇది కూడా పరీక్షేనా అండీ?"

అవునందామని నోరు తెరిచాను. కానీ నాకన్నా ముందు మా వారి నోరు తెరుచుకుంది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆయన నాకన్నా ముందు మాట్లాడింది అదే మొదటిసారి. సత్యసంధుడు కదా, చిట్టి ముందుకి వంగి, మైకు ఉందని చూసుకోకుండా చెప్పారు. "పరీక్ష కాదమ్మా. మామ్మగారు వ్యాఖ్యానానికని ఈ పట్టుచీర కొనుక్కుంది. ఆ ఎనిమిది వందలూ దానికే అయ్యాయి."

నేను నిలబడ్డ చోట భూమి బద్దలైతే సీతమ్మలాగా లోపలికి వెళ్ళిపోదామనుకున్నాను. భూమి కదల్లేదు. పందిరి మాత్రం కదిలింది. అందరికన్నా గట్టిగా నవ్విందెవరనుకున్నారు? ఇందాకే నేను పరువు కాపాడిన ప్రెసిడెంటు గారు! కళ్ళు తుడుచుకుంటూ, పంచె సర్దుకుంటూ నవ్వారు. ఎదురింటావిడ నవ్వు నేను చూడలేదు. ఆవిడ పమిట నోట్లో కుక్కుకుంది.

ముహూర్తం మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా. బాజాలు మోగాయి. మైకు నా చేతికొచ్చింది. గొంతు సవరించుకున్నాను. మొదటి పేజీలో మొదటి వాక్యం, వారం రోజులు బట్టీ పట్టినదే, అలా జారిపోయింది.

"అదిగో! జగన్మాత సీతమ్మ, కొత్త పట్టుచీర కట్టుకుని..."

అంతే. మళ్ళీ మొదలైంది నవ్వు. తలంబ్రాలు పట్టుకున్న పంతులు గారు కూడా పళ్ళెం కింద పెట్టి నవ్వారు. ఇరవై పేజీల్లో మూడు చదివానో లేదో, మిగతాది రాముడి దయ వల్ల బాజాల్లో కలిసిపోయింది.

చదివింపులు పోయినేటికి రెట్టింపు వచ్చాయి. పెన్షను రాగానే ఎనిమిది వందలూ పట్టుకెళ్ళి కట్టేశాను. చిట్టి రెండుసార్లు లెక్కపెట్టి తీసుకుంది. ఇప్పుడు వీధిలో కవరుతో ఎవరు కనబడినా ముందు నాలుక కరుచుకుని లోపల చూసుకుంటున్నారు. ఆ మేరకు నా చదువు వృథా పోలేదు.

ఇదేనండీ ఆ చీర. బాగుంది కదూ, అంచు చూడండి. ఆడది పట్టుచీర కట్టుకుని గుమ్మం దాటితే చాలు, "ఎంత పెట్టి కొన్నారు వదినా?" అని పదిమంది అడుగుతారు మన ఊళ్ళో. నన్ను మాత్రం ఒక్కరంటే ఒక్కరు కూడా అడగడం లేదు.